అమరం పక్కన నెస్‌ఫీల్డు

కృష్ణరాయపురం అగ్రహారంలో వెంకమ్మకి ఒక ముచ్చట పుట్టింది. పట్నంలో చదువుకుంటున్న కొడుకూ, వాడి వెంట వచ్చిన మేష్టారూ ఇంగిలీషులో మాట్లాడుకుంటే చెవులారా వినాలి. ‘కన్యాశుల్కం’ చదివినవాళ్ళకీ చూసినవాళ్ళకీ ఆ తర్వాత జరిగింది గుర్తుండే ఉంటుంది. వెంకటేశం, గిరీశం తడుముకోకుండా అందుకుంటారు. ఒకరు నక్షత్రం మీది పిల్లల పాట ఎత్తుకుంటే రెండోవారు రీడరులోని వాక్యం వదులుతారు. తగలబడుతున్న ఓడ మీద నిలబడ్డ కుర్రవాడి పద్యం వస్తుంది, యూక్లిడ్ జామెట్రీ వస్తుంది, మిల్టన్ మహాకావ్యం ఆరంభం వస్తుంది. అందులోని నిషిద్ధ వృక్షం అగ్రహారానికి తగ్గట్టు మామిడిచెట్టు అయిపోతుంది. వీటి మధ్య గిరీశం ఒక వ్యాకరణ సూత్రం కూడా వల్లిస్తాడు: ‘ఎఫ్’ అక్షరంతో ముగిసే నామవాచకాలు బహువచనంలో ఎలా మారతాయన్నది.

తెలుగువాళ్ళు ఆ ఘట్టానికి వందేళ్ళ పైబడి నవ్వుతూనే ఉన్నారు. కాసేపు నవ్వాపుకుని చూస్తే, 19వ శతాబ్దం చివర తెలుగునాట హైస్కూలు పిల్లవాడి ఇంగ్లీషు పాఠం యావత్తూ ఆ నాలుగు ముక్కల్లో కనిపిస్తుంది. నక్షత్రం పాట రాసిన జేన్ టేలర్, ఓడ పద్యం రాసిన ఫెలీషియా హెమన్స్, మిల్టన్, వ్యాకరణ సూత్రం అన్నీ ఒకే వరసలో, ఒకే గొంతుతో, ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్నాయి. ఇది ఊహించి రాసింది కాదు. నాటకం రాసిన గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలో చదువుకుని అక్కడే అధ్యాపకుడయ్యారు. ఆయన బోధించిన పాఠ్యాంశాల్లో ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి. ఆ సూత్రాన్ని ఆయన తన తరగతి గదిలోంచే తెచ్చి గిరీశం నోట పెట్టారనుకోవచ్చు.

ఇంగ్లీషు రాకముందే తెలుగు పిల్లవాడికి వల్లె వేయడం కొత్త కాదు. వీధిబడిలో అక్షరాలు దిద్దాక బాలరామాయణం, అమరం, ఆంధ్రనామ సంగ్రహం వరసగా నోటికి రావాలి. అమరసింహుడి కోశంలో సుమారు 1,500 శ్లోకాలు మూడు కాండలుగా ఉంటాయి. ఒక్కో వస్తువుకి ఉన్న పర్యాయపదాలన్నీ ఛందస్సులో గుదిగుచ్చి ఉంటాయి. పదసంపద పెంచడానికి ఇంత పకడ్బందీ ఏర్పాటు ఇంగ్లీషు బడుల్లో ఎన్నడూ లేదు. అయితే ఆ శ్లోకాల అర్థం గురువు చెప్పేదాకా పిల్లవాడు ఎదురుచూడాల్సిందే. చాలామంది ఆ మెట్టు ఎక్కకుండానే బడి వదిలేసేవారు.

ఈ లోపాన్ని ఎత్తిచూపినవాడు తెలుగువాడే. మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడుగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) సొంత పట్టుదలతో ఇంగ్లీషు నేర్చుకున్నవారు. తన జీవితకథను ఇంగ్లీషులోనే రాసుకున్నారు. అది ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 1873లో అచ్చయింది. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి 1820లో ఇచ్చిన నివేదికలో, దేశీయ బడుల్లో పిల్లలు అర్థం తెలియని పద్యాలు వల్లిస్తూ కాలం వెళ్ళబుచ్చుతున్నారని ఆయన బాధపడ్డారు. మరి కొన్ని దశాబ్దాలకే అవే బడుల పక్కన లేచిన ఇంగ్లీషు స్కూళ్ళలో అదే పని ఇంకో భాషలో జరుగుతుందని ఆయనకి తెలిసే అవకాశం లేదు.

ఆ ఇంగ్లీషు వ్యాకరణానికీ పెద్ద కథే ఉంది. అది ఇంగ్లండులో పుట్టింది కాదు. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో శిక్షణ పొందిన డయొనీసియస్ థ్రాక్స్ అనే పండితుడి పేర ఒక చిన్న గ్రీకు వ్యాకరణం ఉంది. పదాలను ఎనిమిది రకాలుగా విడదీసిన పుస్తకం అది. అప్పటికే హోమర్ భాష పాతబడిపోయింది. కుర్రవాళ్ళకి దాన్ని చదివించడానికి అలెగ్జాండ్రియా పండితులకి వ్యాకరణం కావలసి వచ్చింది. కవులూ వచన రచయితలూ వాడే భాషను గురించిన అనుభవజ్ఞానమే వ్యాకరణమని ఆ పుస్తకం మొదట్లోనే చెబుతుంది. దానికి ఆరు అంగాలు చెప్పి, ఆరోదీ అన్నిటికన్నా ఉత్తమమైనదీ కావ్యాల మంచిచెడ్డలు తేల్చడం అంటుంది. అంటే వ్యాకరణం సాహిత్య తరగతిలోనే పుట్టింది, సాహిత్యం కోసమే పుట్టింది. ఇది గట్టిగా చెప్పుకోవలసిన విషయం. తర్వాత జరిగిందంతా ఆ ఆరో అంగాన్ని క్రమంగా మరిచిపోవడమే.

రోమన్లు ఆ ఎనిమిదినీ లాటిన్‌కి తొడిగారు. లాటిన్‌లో ఆర్టికల్ లేదు. ఎనిమిది లెక్క తప్పకూడదని దాని స్థానంలో ఆశ్చర్యార్థకాన్ని చేర్చారు. 4వ శతాబ్దిలో దొనాతుస్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం ఐరోపా అంతటా వెయ్యేళ్ళు నడిచింది. ఇంగ్లండులో 1540ల నుంచి రాజాజ్ఞతో బడుల్లో అమలైంది విలియం లిలీ పేర ఉన్న లాటిన్ వ్యాకరణం. షేక్‌స్పియర్ స్ట్రాట్‌ఫర్డ్ బడిలో చదివిందీ అదే.

చదివి ఊరుకోలేదు. ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాలుగో అంకం మొదట్లో, తల్లి ఎదుట కొడుకు విలియంని హ్యూ ఎవన్స్ అనే వేల్సు పాదిరీ లాటిన్ విభక్తులు అడుగుతాడు. కుర్రవాడు నోటికొచ్చినట్టు అప్పజెబుతాడు. పక్కనున్న క్విక్‌లీ అనే ఆవిడకి ఆ మాటలన్నీ బూతుల్లా వినిపించి అడ్డుపడుతుంది. గురజాడకీ షేక్‌స్పియర్‌కీ నడుమ 300 ఏళ్ళు, సప్తసముద్రాలు. అయినా ఇద్దరి రంగాల్లోనూ ఒకటే ఏర్పాటు: తల్లి, కొడుకు, మేష్టారు, అర్థం కాని పరభాషా వ్యాకరణం. ఇంగ్లీషు పిల్లవాడు లాటిన్ దగ్గర పడ్డ అవస్థే తెలుగు పిల్లవాడు ఇంగ్లీషు దగ్గర పడ్డాడు. ఇంగ్లీషు సాహిత్య చరిత్ర చెప్పే మేష్టార్లు ఈ రెండు రంగాలనూ పక్కపక్కన పెట్టి చదివిస్తే పిల్లలు ఎంతో తేలికపడతారు.

లాటిన్ చొక్కాని ఇంగ్లీషుకి తొడిగే పని 1586లో విలియం బుల్లోకర్ మొదలుపెట్టారు. 1762లో రాబర్ట్ లౌత్ వ్యాకరణం వచ్చింది. 1795లో లిండ్లీ మరే వ్యాకరణం వచ్చింది. ఈయన పెన్సిల్వేనియాలో పుట్టిన క్వేకరు, లాయరు. ఇంగ్లండులో యార్క్ పక్కన స్థిరపడి, అక్కడి ఆడపిల్లల బడిలో ఉపాధ్యాయినులు అడిగితే ఆ పుస్తకం రాశారు. అట్లాంటిక్‌కి అటూ ఇటూ లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. 19వ శతాబ్దంలో వచ్చిన చాలా వ్యాకరణాలకు అదే ఒరవడి.

మన దగ్గరికి ఇంగ్లీషు జ్ఞానతృష్ణ కన్నా ముందు ఉద్యోగం రూపంలో వచ్చింది. 1835 ఫిబ్రవరిలో ఇంగ్లీషు చదువే కావాలన్న మెకాలే మినిట్, మార్చిలో దాన్ని ఆమోదించిన గవర్నర్ జనరల్ బెంటింక్ ఉత్తర్వు. ఇంగ్లీషు చదివినవాళ్ళకే సర్కారు కొలువుల్లో మొగ్గు చూపాలని 1844లో హార్డింజ్ ప్రకటన. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లోనే బడి తెరిచారు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడు విజయనగరం మహారాజా వారి బడి మొదలై, 1879కల్లా కళాశాల అయింది. అక్కణ్ణుంచి మెట్రిక్యులేషన్, ఎఫ్.ఎ., బి.ఎ. అనే మూడు గుమ్మాల ముందు తెలుగు కుర్రవాళ్ళు బారులు తీరారు. ప్రతి గుమ్మం దగ్గరా ఇంగ్లీషు పేపరే కావలి కాసింది. లెక్కల్లో దిట్టలైనవాళ్ళు సైతం ఇంగ్లీషులో తప్పి ఇంటిదారి పట్టిన కాలం అది.

ఆ పేపర్లో గట్టెక్కించే పుస్తకంగా జె.సి. నెస్‌ఫీల్డ్ వ్యాకరణం స్థిరపడింది. ఆయన ఉత్తర హిందుస్థానంలో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసినవారు. 1890లలో మాక్‌మిలన్ కంపెనీ ఆయన వ్యాకరణాలను తరగతుల వారీగా అచ్చువేసింది. తెలుగు ఇళ్ళల్లో తాతల పెట్టెల్లోంచి ఇప్పటికీ బయటపడే పుస్తకాల్లో నెస్‌ఫీల్డు ఒకటి. నామవాచకాలు ఐదు రకాలు: ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్. పార్సింగ్ చెయ్యమంటే ‘బాయ్’ అన్న చిన్న మాటకి కామన్ నౌన్, మాస్క్యులిన్ జెండర్, సింగ్యులర్ నంబర్, నామినేటివ్ కేస్, ఫలానా క్రియకి కర్త అని గుక్కతిప్పుకోకుండా చెప్పాలి. ఇంగ్లీషులో ‘బాయ్’ కర్తయినా కర్మయినా రూపం మారదు. లాటిన్‌లో మారుతుంది కాబట్టి ఆ కేస్ గడి మిగిలిపోయింది. ప్రథమా విభక్తి నుంచి సంబోధన దాకా ఎనిమిది విభక్తులు మాతృభాషలోనే పలికే పిల్లవాడికి, కంటికి కనిపించని విభక్తిని మరో భాషలో వెతకమన్నారు. అదేమిటని అడిగినవాడు లేడు. మార్కులు ఆ గడిలోనే ఉన్నాయి.

నిజాం రాజ్యంలో చిక్కు మరో రకం. హైదరాబాదులో 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1918లో మొదలైన ఉస్మానియా మాత్రం ఉర్దూలో చదువు చెప్పి, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో ఉర్దూ కవాయిదు, అంటే వ్యాకరణం, నేర్చుకుంటే అక్కడ అరబ్బీ సంప్రదాయం ప్రకారం ఇస్మ్, ఫేల్, హర్ఫ్ అని పదాలు మూడే రకాలు. ఇంగ్లీషు గంట కొట్టగానే అవి ఎనిమిది. సంస్కృతం తెలిసిన తాతని అడిగితే యాస్కుడి లెక్క నాలుగు: నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం. నేటి తెలుగు వాచకాల్లో భాషాభాగాలు ఐదు. చిన్నయసూరి 1858లో పది పరిచ్ఛేదాలుగా కూర్చిన ‘బాలవ్యాకరణం’లో ఈ ఐదింటి పట్టిక లేనే లేదు. ఇంగ్లీషు వ్యాకరణాన్ని చూసి తెలుగు వాచకాలు కుట్టించుకున్న అంగరఖా ఇది. భాషని విడగొట్టడానికి ఇన్ని దారులున్నాయని ఏ మేష్టారైనా ఒక్క పీరియడ్ కేటాయించి చెప్పి ఉంటే, ఎనిమిది అన్నది దైవవాక్కు కాదని పిల్లలకి తెలిసేది.

వ్యాకరణం సంగతి అలా ఉంచితే అసలు నష్టం అలంకారాల దగ్గర జరిగింది.

ఇంగ్లీషు కాంపొజిషన్ పుస్తకాలు ‘ఫిగర్స్ ఆఫ్ స్పీచ్’ పేరుతో ఒక అధ్యాయం కేటాయిస్తాయి. సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్బొలీ, ఐరనీ, ఇలా ఓ పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. స్కాట్లండ్ ఆచార్యుడు అలెగ్జాండర్ బేన్ 1866లో రాసిన రెటరిక్ గ్రంథం వాటిని సామ్యం, వైరుధ్యం, సాన్నిహిత్యం అనే మూడు గుణాల కింద వర్గీకరించింది. మన పిల్లలు ఆ నిర్వచనాలు కంఠస్థం చేశారు. విచారకరమైన సంగతేమిటంటే, అదే ఊళ్ళో, ఒక్కోసారి అదే ఇంట్లో, అలంకార శాస్త్రం ఇంతకన్నా ఎన్నో రెట్లు నిశితంగా సాగుతోంది. అప్పయ్య దీక్షితులు 16వ శతాబ్దిలో రాసిన ‘కువలయానందం’ వందకు పైగా అర్థాలంకారాలను విడమరిచింది. జయదేవుడి ‘చంద్రాలోకం’ పద్ధతిలో చాలాచోట్ల ఒకే శ్లోకంలో సగం లక్షణం, సగం ఉదాహరణ ఉంటాయి. నిర్వచనం నేర్చుకుంటూనే అది పద్యంలో ఎలా పనిచేస్తుందో పిల్లవాడి చెవికి అందుతుంది. బోధనా పద్ధతిగా ఇంత చక్కని ఉపాయం ఆనాటి ఇంగ్లీషు రెటరిక్ పుస్తకాల్లో లేదు.

ఒక వస్తువు మరొకదానిలా ఉందంటే ఉపమ. ఇదే అది అంటే రూపకం. ఇది అదేమో అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఇదా, అదా అని తేల్చుకోలేకపోతే సందేహం. ఒకదాన్ని చూసి నిజంగానే మరొకటని పొరబడితే భ్రాంతిమంతం. ఇది అది కాదు, ఇంకొకటి అని కాదంటే అపహ్నవం. ఇంగ్లీషు తరగతిలో వీటిలో చాలా భాగం సిమిలీ, మెటఫర్ అన్న రెండు గుట్టల్లోకి వెళ్ళిపోతాయి. భట్టుమూర్తి ‘వసుచరిత్ర’ శ్లేషనీ, పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణ భారతాలు ఒకే పద్యంలో నడవడాన్నీ విన్న పిల్లవాడు, ‘పన్’ అన్నది మెట్టుదిగిన చమత్కారమని ఇంగ్లీషు పుస్తకం చెబితే నోరుమూసుకుని రాసుకున్నాడు. అతనికి కొత్త శాస్త్రం నేర్పుతున్నామని అందరూ అనుకున్నారు. అతనికి అందులో సగానికి సగం ముందే తెలుసు. పేర్లు మాత్రమే కొత్త. తెలుగు పండితుడి గదికీ ఇంగ్లీషు మేష్టారి గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆ గోడకి తలుపు పెట్టాలని విద్యాశాఖకి తోచలేదు.

తోచినవాళ్ళు ఉన్నారు గాని వాళ్ళు పరీక్షల కోసం చదివినవాళ్ళు కారు. వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవల చదివి ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. రాయప్రోలు సుబ్బారావు అదే గోల్డ్‌స్మిత్ కథాగేయాన్ని ‘లలిత’గా, టెన్నిసన్ ‘డోరా’ని ‘అనుమతి’గా తెలుగు చేశారు. పాల్గ్రేవ్ 1861లో కూర్చిన ‘గోల్డెన్ ట్రెజరీ’ కాలేజీ పాఠ్యపుస్తకమై తెలుగు కుర్రకారు చేతికి చిక్కింది. మేష్టారు పారాఫ్రేజ్ చెప్పించిన పద్యాలనే కొందరు గోదావరి గట్టున కూర్చుని మళ్ళీ చదువుకున్నారు. భావకవిత్వానికి ఆ చదువు పెట్టిన భిక్ష చిన్నది కాదు.

వ్యావహారిక భాషోద్యమానికీ ఇంగ్లీషు తరగతితో చుట్టరికం ఉంది. 20వ శతాబ్దం తొలి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, జీవభాషను మాటల ద్వారానే నేర్పాలన్న కొత్త పద్ధతిని నమ్మినవారు. మరి మీ పిల్లలు మాట్లాడే తెలుగొకటి, పుస్తకంలో తెలుగొకటి ఎందుకుందని ఆయన అడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తిని, గురజాడను, విశాఖపట్నంలో ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని కదిలించింది. ఇంగ్లీషు ఎలా నేర్పాలన్న చర్చ తెలుగు ఎలా రాయాలన్న పోరాటంగా మారడం మన భాషా చరిత్రలో ఎంతో విలువైన మలుపు.

పదసంపద విషయంలో తెలుగువాడికి రెండు ఆసరాలు దొరికాయి. మొదటిది సి.పి. బ్రౌన్ 1850లలో వెలువరించిన నిఘంటువులు, రెండోది శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ. ‘శంకరనారాయణ చూడు’ అన్నది తరాలపాటు ఇళ్ళల్లో వినిపించిన మాట. అయితే ఏ మాటలు ముందు నేర్పాలి, ఎన్ని నేర్పాలి అన్న ప్రశ్న ఢాకాలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ అనే విద్యాధికారి దగ్గర తేలింది. బెంగాలీ పిల్లల్లో ఎక్కువమంది మధ్యలోనే బడి మానేస్తున్నారు, ఆ రోజుకి వాళ్ళ చేతిలో ఏం మిగులుతోంది అని ఆయన 1920లలో లెక్క తీశారు. మాట్లాడటం సగం వస్తే పనికిరాదు, చదవడం సగం వచ్చినా పనికొస్తుంది కనుక ముందు చదవడం నేర్పాలన్నారు. కొత్త మాటలు కొద్దికొద్దిగా కలిపిన కథల రీడర్లు తయారుచేశారు. ఆయన సంపాదకత్వంలో 1953లో వచ్చిన జనరల్ సర్వీస్ లిస్టులో సుమారు 2,000 మాటలున్నాయి. సి.కె. ఆగ్డెన్ అంతకు ముందు, 1930లో, 850 మాటలతోనే ఇంగ్లీషు నడుస్తుందని వాదించారు. మిల్టన్‌తో మొదలుపెట్టిన దేశానికి ఈ లెక్కలు చాలా ఆలస్యంగా చేరాయి.

మద్రాసు రాష్ట్రపు పాఠ్యప్రణాళికలో ఒక మంచి అలవాటు మాత్రం ఉండేది: నాన్‌డీటైల్డ్. డీటైల్డ్ పుస్తకానికి వాక్యవాక్యానికీ ఎనొటేషన్, రిఫరెన్స్ టు కాంటెక్స్ట్ ఉండేవి. నాన్‌డీటైల్డ్‌కి కథ తెలిస్తే చాలు. డికెన్స్ నవలని కుదించిన పల్చటి పుస్తకమో, లాంబ్ చెప్పిన షేక్‌స్పియర్ కథలో. తక్కువ మార్కులకి, తక్కువ శ్రద్ధతో పెట్టిన ఆ పుస్తకమే చాలామందికి ఇంగ్లీషు మీద ఇష్టం పుట్టించింది. ఆ ఇష్టాన్ని చంపింది బజారు నోట్సు. ఎనొటేషన్లకి జవాబులు అచ్చులో దొరకడం మొదలయ్యాక అసలు పద్యం కొనాల్సిన పని కూడా తప్పింది.

నెస్‌ఫీల్డు తర్వాత ఆ పీఠం రెన్ అండ్ మార్టిన్‌ది. బొంబాయి విద్యాశాఖలో పనిచేసి, తర్వాత ‘బో జెస్ట్’ నవలతో పేరు తెచ్చుకున్న పి.సి. రెన్, హెచ్. మార్టిన్‌తో కలిసి 1930లలో రాసిన హైస్కూలు గ్రామరు అది. అట్ట మీద ఆ ఇద్దరి పేర్ల కింద ఎన్.డి.వి. ప్రసాదరావు అన్న సవరణకర్త పేరు ఉంటుంది. దేశమంతా చదివిన ఆ పుస్తకాన్ని స్వతంత్ర భారతానికి తగ్గట్టు తిరగరాసింది ఆయన. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వచ్చింది. ఇంగ్లీషు ఎలా నేర్పాలో పరిశోధించి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి కేంద్రం పెట్టిన ఆ సంస్థ నేటి ఇఫ్లూ.

పరిశోధనకి లోటు లేదు, పుస్తకాలకి లోటు లేదు. ఇవాళ ఎం.ఎ. ఇంగ్లీషు విద్యార్థి ఎం.హెచ్. ఏబ్రమ్స్ 1957లో వెలువరించిన సాహిత్య పదకోశం పట్టుకుని మెటానమీ, సినెక్డొకీ అని బట్టీ పడుతున్నాడు. పదో తరగతి తెలుగు పరీక్షలో అతను ఉపమకి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలూ విడదీసి రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. ఇంగ్లీషు చెప్పే మేష్టార్లకూ టీచరమ్మలకూ ఇది మనవి: ‘సిమిలీ’ అని బోర్డు మీద రాసేముందు, ఉపమ ఉన్న తెలుగు పద్యాన్ని ఒకసారి పిల్లల చేతే చదివించండి. అందులో నాలుగు అంగాలూ వాళ్ళే చూపిస్తారు. తర్వాత ఇంగ్లీషు పద్యం ఇచ్చి అక్కడా వెతకమనండి. పేరు ఆఖర్న చెప్పండి. ఇంటర్ బోర్డూ విశ్వవిద్యాలయాలూ ఈ రెండు భాషల అధ్యాపకులను ఒక గదిలో కూర్చోబెట్టి ఉమ్మడి పాఠం తయారుచేయించాలి. దానికి కొత్త నిధులు అక్కర్లేదు, రెండు శాఖలూ చాలా కాలేజీల్లో ఇప్పటికే ఉన్నాయి.